ఈ ఏడూ చెప్పలేదు

"టీచరమ్మా, ఒక మాట అడగొచ్చునా?"

టైపు మిషను చప్పుడు ఆగింది. వంటింట్లో పాలగిన్నె ముందు నిలబడ్డ గోదాదేవి తల తిప్పలేదు. పాలు పొయ్యి మీదున్నంతసేపూ ఆమె తల తిప్పదు. ఇంట్లో అందరికీ తెలిసిన అలవాటే. ఎందుకో మాత్రం ఎవరికీ తెలియదు.

"అడుగు పంకజాక్షీ."

"ఈ లైను మళ్లీ మళ్లీ వస్తా ఉండాదమ్మా. యాభై అయిదులో ఉండాది. యాభై నాలుగులో ఉండాది. యాభై మూడులోనూ ఉండాది. అన్నీ జనవరిలోనే. ఆ దినం ఇంగేమీ రాయలా. 'ఈ ఏడూ చెప్పలేదు.' అంతే. పెద్దాయన ఏం చెప్పలేదమ్మా?"

గోదాదేవి తల తిప్పింది.

వెనక పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మాడు వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆమె గిన్నె దించలేదు. చేతులు తుడుచుకుంటూ నడవలోకి వచ్చి, పంకజాక్షి భుజం మీదుగా ఆ డైరీలోకి వంగి చూసింది.

నాయన అక్షరాలే. ఊదారంగు సిరా. యతిరాజులు గారు పోయి పాతికేళ్లయినా ఆ అక్షరాలు మాత్రం పాతబడలేదు. చంద్రగిరిలో తమ వీధి గుళ్లో పాశురాలు చదివే గోష్ఠికి ఆయన నలభై ఏళ్లు ముందు నిలబడ్డాడు. రోజూ పడుకోబోయే ముందు డైరీ రాశాడు. ఊళ్లోకి మొదటి కరెంటు దీపం ఎప్పుడొచ్చిందీ, మశూచి ఏ వీధిలో మొదలైందీ, ఎవరింటి పెళ్లికి ఎవరు అలిగి భోంచేయకుండా వెళ్లిపోయారూ, డేరా సినిమాకి ఆడవాళ్లు దొంగతనంగా వెళ్లి ఎలా దొరికిపోయారూ, అన్నీ అందులో ఉన్నాయి. తిరుపతి నుంచి వచ్చిన ఓ కాలేజీ లెక్చరరు చూసి, ఇది ఒక ఊరి చరిత్ర అన్నాడు. ఆ మాటతో గోదాదేవి తమ్ముడు సౌందరరాజన్‌కు పూనకం వచ్చింది. పుస్తకం వేయాలి. తిరుపతి టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి పంకజాక్షిని పిలిపించాడు. పాత డైరీలకు పురుగు పట్టి ఎండలో వేయడంతో ఆ అమ్మాయి చివరి నుంచి వెనక్కి టైపు చేసుకుంటూ వస్తోంది.

గోదాదేవి ట్రంకుపెట్టె తెరిచింది. యాభై రెండు. యాభై ఒకటి. నలభై ఏడు. స్వాతంత్ర్యం వచ్చిన ఆ సంవత్సరం జనవరిలోనూ అదే లైను. నలభై మూడు. నలభై. ముప్ఫై తొమ్మిది. అన్నీ ధనుర్మాసం ఇరవై ఏడో రోజున. కూడారవల్లి నాడు. గుళ్లో పాలూ బెల్లమూ నెయ్యీ పోసి అక్కారవడిసల్ పొంగలి వండే రోజున.

ముప్ఫై ఏడు డైరీ ఎండలో ఉంది. అందులో ఆ లైను లేదు.

ముప్ఫై ఎనిమిది డైరీ లేనే లేదు.

గోదాదేవి పెట్టె అంచు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. పదమూడేళ్లప్పుడు ఆమె ఒక కాగితం దాచింది. మర్నాడు చూస్తే అది దాచినచోట లేదు. ఎవరు తీశారో నలభై రెండేళ్లుగా ఆమెకు తెలియదు.

ఇప్పుడు తెలిసింది.

*

"ఈ అప్పడం ఎక్కడిదక్కయ్యా? బలే ఉండాదే" అన్నాడు సౌందరరాజన్, విస్తట్లో పప్పు కలుపుతూ.

మర్నాడు మధ్యాహ్నం. దేవాలయ కమిటీ మీటింగు ముగించుకుని అప్పుడే వచ్చాడు. ట్రస్టు ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లోనూ ఆఫీసులాగే మాట్లాడతాడు.

"తిరుపతి అంగట్లో తెచ్చిందే" అంది గోదాదేవి.

"కమిటీవాళ్లంతా ఒప్పుకున్నారు. శుక్రవారం కూడారవల్లి. గోష్ఠి అయిపోతానే హాలుకు శంకుస్థాపన. నాయన పేరు మీదనే, యతిరాజులు మంటపం. పుస్తకం సంగతి కూడా ఆడనే ప్రకటిస్తాను."

"చోటు ఎక్కడ?"

"మడపల్లి పక్కన. ఆ తీట్టిల్లు పడగొడితే చాలినంత చోటు వస్తుంది."

గోదాదేవి నెయ్యి గరిటె విస్తరి మీద ఆగిపోయింది. మడపల్లి అంటే గుడి వంటశాల. దాని గోడకు ఆనుకుని ఒక్క గది ఉంది. నలభై రెండేళ్ల కింద మడపల్లిలో వంట చేసిన వేంకటాచలపతి అందులోనే బతికి అందులోనే పోయాడు. ఇప్పుడు ఆయన కూతురు రంగనాయకి ఒక్కతే ఉంటోంది. చావో పురుడో జరిగితే పదిరోజులు ఉండే మైలను ఆ వీధిలో తీట్టు అంటారు. పది రోజులకు అందరి తీట్టూ పోతుంది. ఆ గదికి మాత్రం పేరుగా నిలిచిపోయింది.

"ఆమె యాడికి పోతుంది?"

"పుత్తూరులో వాళ్లవాళ్లు ఉన్నారు కదా. పదిహేను రోజులు టైమిచ్చినాం. తీట్టు దాచిపెట్టి స్వామికి వంట చేసినవాడి కుటుంబం. ఇన్నేళ్లు ఉండనిచ్చిందే ఎక్కువ అని అన్నారు అందరూ. నేను అనలేదు సుమా."

"నువ్వు ఏమన్నావు?"

"నేనేమంటాను? సరేనన్నాను." అతను ఇంకో అప్పడం విరిచాడు. "ఇంకో రెండు వెయ్యక్కా."

నడవలో తన క్యారియరు విప్పుకుని తింటున్న పంకజాక్షి గొంతు వినిపించింది. "ఆ అప్పడాలా సార్? మీ వీధి చివర ఆయమ్మ చేసేటివే. సాయంత్రం బస్సులో మూటెత్తుకోని నాతోనే వస్తాది. అంగడాయన వేరే పేరేసి అమ్ముకుంటాడు. మీ వీధోళ్లంతా అవే కొనుక్కోని పోతారంట, ఆయమ్మే చెప్పి నవ్వతాది."

సౌందరరాజన్ నోట్లో అప్పడం కరకరలాడటం ఆగిపోయింది. నమలనూ లేదు, మింగనూ లేదు. విస్తరి ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్లాడు. నీళ్లు పుక్కిలించి ఉమ్మిన చప్పుడు మూడుసార్లు వినపడింది.

గోదాదేవి విస్తట్లో మిగిలిన ముక్క వైపు చూస్తూ నిలబడింది. తర్వాత ఆ ముక్క తీసి తన నోట్లో వేసుకుంది.

*

డైరీ ఎక్కడుందో ఆ సాయంత్రమే ఆమెకు తట్టింది. చెయ్యి వేయడానికి మాత్రం తెల్లారేదాకా ధైర్యం చాలలేదు.

నడవ గోడకు గోదాదేవి పటం వేలాడుతోంది. ఆండాళ్ తల్లి పటం. ఆమె పేరే తనకు పెట్టారు. చెక్క చట్రం, మసకబారిన బంగారు రేకు, గోడ నుంచి ముందుకు వాలి ఉంటుంది. "ఆ పటం ఎవరూ దించవద్దు" అని నాయన ఆ కాలంలోనే ఆజ్ఞ వేశాడు. సున్నం వేసేవాళ్లు కూడా దాని చుట్టూ వేసి పోయేవాళ్లు. చట్రం అంచున నాలుగు రంగుల సున్నం పొరలు కట్టింది. ఇల్లు ఊడ్చే ప్రతిసారీ ఆమె కళ్లు ఆ పటం దాకా వెళ్లి పక్కకు తప్పుకునేవి. ఆమె ఆ కాగితం దాచింది దాని వెనకే.

"పంకజాక్షీ, ఆ స్టూలు ఎక్కు. పటం రెండు చేతులతో పట్టుకుని కొంచెం ముందుకు లాగు."

"పడిపోతే నాకు పాపమమ్మా."

"పాపం నాది. నువ్వు లాగు."

సున్నం పెచ్చులు రాలాయి. గోదాదేవి చెయ్యి వెనక్కి పోనిచ్చింది. సాలెగూడు, ఎండిపోయిన పూలదారం, తర్వాత గుడ్డ మూట. అరచేతిలో పట్టేంత చిన్న డైరీ. దాంట్లో మడిచిన కాగితం. తంతి కాగితం, టెలిగ్రాం.

ఆమె వేళ్లు దాన్ని గుర్తుపట్టాయి. ఆ రోజు మధ్యాహ్నం తంతి తెచ్చినవాడు గడపలో నిలబడి, "నాయన లేడామ్మే? ఈడ సంతకం పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. అమ్మ పెరట్లో ఉంది. ఇంగ్లీషు రాకపోయినా తంతి అంటే ఏమిటో ఆమెకు తెలుసు. తంతి అంటే చావు. చావంటే తీట్టు. తీట్టంటే పది రోజులు గుడి గడప తొక్కకూడదు. తెల్లారితే కూడారవల్లి. గోద అనే పేరున్న పిల్ల మాలపళ్లెం నెత్తిన పెట్టుకుని గోష్ఠి ముందు నడవాలి. ఆ ఏడు ఆ వంతు ఆమెది. పట్టుపావడా మడతపెట్టి పక్కన ఉంది.

ఒక్క రోజే కదా అనుకుంది.

ఇప్పుడు ఆమె కళ్లజోడు సర్దుకుని చదివింది.

"జనవరి 10. కూడారవల్లి. ఉదయం గోద మాలపళ్లెం ఎత్తుకొని నడిచినది. చూడముచ్చటగా ఉన్నది. అక్కారవడిసల్ పాలు గుండిగలోనే విరిగిపోయినవి. నైవేద్యం నిలిచిపోయినది. ఇంటికి వచ్చి పటమునకు మాల వేయబోగా వెనుక తంతి. నిన్నటి తేదీ. కంచిలో అన్నగారు పోయినారు. దాచినది గోద. చిన్నపిల్ల. నేను తీట్టుతో గోష్ఠిలో నిలిచితిని. పిల్ల తీట్టుతో మాల ఎత్తినది.

మధ్యాహ్నం ధర్మకర్త ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, ఎవరింట తీట్టు ఉన్నదని అడిగినాడు. మొదట నన్నే పిలిచినాడు. వేంకటాచలపతి తమ్మునికి పుత్తూరులో బిడ్డ పుట్టినదని విన్నాను అన్నాను. నేను వినలేదు. ఆ యిల్లాలు నిండు నెలలతో ఉన్నదని మాత్రము తెలియును. ఎందుకు అంటినో తెలియదు. నోరు నాదే."

"టీచరమ్మా, నేను దిగొచ్చునా? చేతులు లాగుతా ఉండాయి."

గోదాదేవికి వినిపించలేదు. పేజీ తిప్పింది.

"జనవరి 11. వేంకటాచలపతిని మడపల్లి నుండి తీసివేసినారు. పోవుచు నా వైపు ఒకసారి చూచినాడు. చెప్పవలెను. రేపు చెప్పెదను.

జనవరి 12. చెప్పలేదు. పుత్తూరులో బిడ్డ నిన్ననే పుట్టినదట. తీట్టు కప్పిపుచ్చుటకు తేదీ మార్చినారని అందరు అనుచున్నారు. ఊరకుంటిని. తంతి అందలేదని కంచికి వ్రాసితిని.

జనవరి 13. చెప్పలేదు."

ఆ తర్వాత డిసెంబరు దాకా ఊరి సంగతులన్నీ ఉన్నాయి. వాన, గాలి, పెళ్లి, పేచీ. ప్రతి పేజీ అడుగునా ఆ ఒక్క మాట ఉంది. ఏడాది తిరిగేసరికి ఆయన దాన్ని రోజూ రాయడం మానేసి ఏడాదికొకసారి చేసుకున్నాడు. పదిహేడేళ్లు.

గోదాదేవి పంకజాక్షిని దిగమని, డైరీని టైపు మిషను పక్కన పెట్టి బావి దగ్గరికి వెళ్లింది. ముఖం మీద నీళ్లు కొట్టుకుంది. చేద దించి మళ్లీ తోడింది. మళ్లీ కొట్టుకుంది.

ఆమె చాలాసేపటికి తిరిగి వచ్చేసరికి సౌందరరాజన్ నడవ మధ్యలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో డైరీ, ఇంకో చేతిలో టైపు చేసిన కాగితం. పంకజాక్షి గోడకు అంటుకుపోయింది.

"ఇదేందక్కా? ఎవరు టైపు చేయమన్నారు దీన్ని?"

"మిషను పక్కన పెట్టింటే చేయమన్నట్టే అనుకున్నా సార్" అంది పంకజాక్షి.

అతను ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. డైరీని పడమటి గదిలోకి తీసుకుపోయాడు. ఇనప బీరువా తలుపు మూసిన చప్పుడు, తాళం తిరిగిన చప్పుడు. తిరిగొచ్చి తాళంచెవిని జంధ్యానికి ముడివేసుకున్నాడు.

"సౌందరం, అది నాయన చేతిరాత."

"నాయన పోయి పాతికేళ్లయింది. వేంకటాచలపతి పోయి ముప్ఫై ఏళ్లయింది. ఇప్పుడు చెబితే ఎవరు తిరిగొస్తారు?"

"రంగనాయకి ఉంది కదా."

"నువ్వూ ఉన్నావు కదా! నీకు అర్థం కావడంలేదక్కయ్యా. తంతి దాచింది నువ్వు. నువ్వు పాఠం చెప్పిన పిల్లలు ఈ వీధిలో సగం మంది ఉన్నారు. రేపటి నుంచి నీ చేతి మంచినీళ్లు తాగుతారా?" అతని గొంతు తగ్గింది. "నాయన ఎవరికోసం అబద్ధం చెప్పినాడో ఆలోచించు. నీకోసం. ఆయన మొయ్యగలిగినాడు. నువ్వూ మొయ్యి."

అతను చెప్పులు వేసుకుని కమిటీ ఆఫీసుకు వెళ్లిపోయాడు.

పంకజాక్షి నేల మీద ముక్కలు ఏరింది. తర్వాత మిషను వైపు తిరిగి, రోలరు చక్రం తిప్పి, అందులో ఇంకా ఇరుక్కుని ఉన్న రెండు పల్చటి కాగితాలు బయటికి లాగింది. నీలం అక్షరాలు కొంచెం అలికినట్టున్నాయి గాని చదవడానికి వస్తాయి.

"సార్ పైది ఒకటే లాక్కున్నాడమ్మా. నేను ఎప్పుడూ రెండు కార్బన్లు పెట్టే కొడతాను. మా ఇన్‌స్టిట్యూట్‌లో అట్లే నేర్పించినారు."

*

మర్నాడు ఉదయం పదిగంటలకు గోదాదేవి వీధి చివరిదాకా నడిచింది. ఏడు ఇళ్ల దూరం. ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు ఉన్నారు. "ఎటు టీచరమ్మా?" అన్నారు. "ఇటే" అంది.

మడపల్లి వెనకగోడ మీద కొత్తగా సున్నపు గీత గీసి ఉంది. హాలు కొలత. గీత గోడ దిగి, రంగనాయకి గడపను అడ్డంగా కోసుకుంటూ పోయింది.

లోపల రంగనాయకి పీట ముందు కూర్చుని ఉంది. మినప్పిండి ముద్దను నూనెచేత్తో సాగదీసి, దారంతో ఉండలుగా కోస్తోంది. చూపు ఎత్తకుండానే ఎవరో పోల్చుకుంది.

"ఏమే గోదా, దోవ తప్పినావా?"

"లేదే."

"అయితే ఆడనే నిలబడినావేం? లోపలికొస్తే తీట్టు తగులుకుంటాదా?"

గోదాదేవి సున్నపు గీత దాటి లోపలికి వెళ్లి నేల మీద కూర్చుంది. నలభై రెండేళ్ల తర్వాత ఆ గదిలో. ఒకప్పుడు ఇద్దరూ ఇక్కడే చింతగింజలాడుకున్నారు.

"రంగా, నీకు ఒకటి చెప్పాలి. ఆ కూడారవల్లి నాడు పాలు విరిగింది మీ నాయన వల్ల కాదు. నా వల్ల."

దారం ఆగింది.

గోదాదేవి చెప్పింది. తంతి, సంతకం, పటం, మాలపళ్లెం. ఒక్కసారి మొదలయ్యాక మాట తడబడలేదు. నలభై రెండేళ్లుగా లోపల అప్పజెప్పుకున్న పాఠం. "నేను మైలతో మాల ఎత్తినాను. స్వామికి తెలిసింది. అందుకే విరిగినాయి. అప్పట్నుంచి ఇంట్లో పాలు కాగుతుంటే, విరుగుతాయేమోనని తల తిప్పలేను."

రంగనాయకి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది.

"ఒసే పిచ్చిదానా! టెలిగ్రాం కాగితానికి పాలు విరుగుతాయంటే ఆ పోస్టాఫీసు వీధిలో ఒక్కరైనా కాఫీ తాగుతారటే?"

"మరి..."

"గుండిగకు కళాయి పోయిండె. లోపల పూసిన తగరం అరిగి ఇత్తడి పచ్చగా తేలిండె. మా నాయన కార్తీకంలోనే ధర్మకర్తకు చెప్పినాడు, కళాయి వేసేవాణ్ని పిలిపించండి స్వామీ అని. ఒకసారి కాదు, రెండుసార్లు. పండగ పోనీలే సూద్దాం అన్నాడంట. అందులోనే పాలు పోసి, బెల్లం పాకం వేసేసరికి విరిగిపోయినాయి. వంట తెలిసినోళ్లు ఎవరైనా చెప్తారు."

"ఎవరికీ చెప్పలేదా ఆయన?"

"చెప్పకుండా ఉంటాడా? తీట్టు అనే మాట వచ్చినాక గుండిగ మాట ఎవరు వింటారే? సచ్చేదాకా అదొకటే మాట. 'నేను పాలు విరగ్గొట్టినవాణ్ని కాదమ్మే. పాలు సూసుకోవడం నాకొచ్చు.' వాకిట్లో పోయే పిల్లల్ని కూడా పిలిచి చెప్పేవాడు."

ఇన్నేళ్ల భయానికి కారణం ఒక పాత్ర. అరిగిపోయిన ఒక పాత్ర. పాపమంతా ఒక్కసారిగా తేలికైపోవాలి కదా. కాలేదు. గోదాదేవి చీర చెంగులో నీలం అక్షరాల కాగితం ఇంకా ఉంది.

తీసి ఇచ్చింది.

రంగనాయకి చేతులు శుభ్రంగా తుడుచుకుంది. గడపలో వెలుతురుకు జరిగి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. కాగితం సగానికి వచ్చేసరికి పెదవులు కదలడం ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"విన్నాను అన్నాడా" అంది చివరికి. "మీ నాయన."

గోదాదేవి తలవంచుకుంది.

"పోతా పోతా చూసినాడు అని రాసిండాడే, అది నిజమే. మా నాయన ఎన్నిసార్లు చెప్పినాడో. ఎవరో గిట్టనోళ్లు నా పేరు చెప్పినారు గాని, యతిరాజులు మాత్రం చెప్పడమ్మే. నా తరపున మాట్లాడతాడేమో అని ఆయన దిక్కు సూసినా. పాపం ఆయన తల దించుకున్నాడు, ఆయనకూ బాధే, అనేవాడు." ఆమె కాగితాన్ని మడతల మీదే మళ్లీ మడిచింది. "మీ నాయన పోయినప్పుడు మా అమ్మ నన్ను రమ్మనింది. వీధిలో నిలబడి ఏడ్చినాం మేము. లోపలికి రానీలేదు గదా."

బయట ఎవరో సైకిలు మీద పోతూ గంట కొట్టారు. పిండి ముద్ద మీద ఈగ వాలింది. రంగనాయకి దాన్ని తోలలేదు.

"ఏం చేయమంటావు రంగా?"

"నన్నడుగుతావేం? నలభై రెండేళ్లు నన్నడిగి దాచినారా?"

రంగనాయకి కాగితాన్ని గోదాదేవి ఒళ్లో పెట్టి, పీట ముందుకు జరిగి దారం అందుకుంది. రెండు ఉండలు కోసింది. మూడోది కోస్తూ, తలెత్తకుండా అంది.

"సదివితే గుళ్లో సదువు. అందరూ ఉన్నప్పుడు. కాని కళాయి మాట ముందు సదువు. తీట్టు మాటలు, మీ నాయన మాటలు, అవన్నీ ఆ తర్వాత."

*

శుక్రవారం తెల్లవారుజామున గుళ్లో గోష్ఠి కూడింది. మంచుకు అందరూ శాలువాలు కప్పుకుని ఉన్నారు. మడపల్లి ముందు పాల క్యాన్లు వరసగా పెట్టారు. బయట శంకుస్థాపన గుంటకు మామిడాకుల తోరణం కట్టి ఉంది. పంకజాక్షి మొదటి బస్సుకే వచ్చి ధ్వజస్తంభం పక్కన నిలబడింది, ఎవరూ పిలవకుండానే.

సౌందరరాజన్ కొత్త పంచె కట్టుకుని గోష్ఠిలో ముందువరసలో ఉన్నాడు. అక్క ఆడవాళ్ల వైపు నుంచి లేచి, మడపల్లి గడప దగ్గరికి నడవడం చూశాడు. ఆమె చేతిలో కాగితం చూశాడు. కార్బన్ కాపీ అని అప్పుడు అర్థమైంది. అతని చెయ్యి జంధ్యానికున్న తాళంచెవి మీదికి వెళ్లింది.

"అక్కయ్యా" అన్నాడు, మెల్లగా.

గోదాదేవి బడిలో అటెండెన్సు పిలిచే గొంతుతో మొదలుపెట్టింది.

"ముప్ఫై ఎనిమిదో సంవత్సరం కూడారవల్లి నాడు ఈ మడపల్లి గుండిగకు కళాయి లేదు. కార్తీకంలోనే రెండుసార్లు చెప్పినా వేయించలేదు. పాలు అందుకే విరిగినాయి. వంట చేసిన వేంకటాచలపతి తప్పు ఏమీ లేదు. ఇది ఆయన మాట. ఇక మా నాయన మాట చదువుతాను."

చదివింది. తంతి దాచింది గోద అన్నచోట ఆమె ఆగలేదు. నోరు నాదే అన్నచోట ఆగింది. ఊపిరి తీసుకుని మళ్లీ చదివింది.

అయిపోయింది. ముసలి ఆచారి ఒకాయన, "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ, పండగపూట" అని గొణిగాడు. ఆయన పక్కనున్నవాడు శాలువా సర్దుకున్నాడు. ఆడవాళ్లలో ఒకామె గోదాదేవి కూర్చున్న చోటు నుంచి తన కొడుకును ఇవతలికి లాక్కుంది. సౌందరరాజన్ నేల వైపు చూస్తున్నాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలని అందరూ ఎదురుచూస్తున్నారు.

ఇప్పటి వంటవాడు పరంధామయ్య మడపల్లి లోపలి నుంచి అంతా విన్నాడు. మాట్లాడేవాడు కాదు అతను. లోపలికి వెళ్లాడు. పెద్ద గుండిగను పొయ్యి మీద నుంచి దించి, వాలుగా పట్టి, రాతి నేల మీద దొర్లించుకుంటూ బయటికి తెచ్చాడు. ఆ మోత గుడంతా మారుమోగింది. గోష్ఠి మధ్య నుంచే తెచ్చాడు. జనం పక్కకు జరిగారు.

గుడి బయటి గడప అవతల రంగనాయకి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. గడప తొక్కలేదు.

పరంధామయ్య గుండిగను ఆమె ముందుకు దొర్లించి, మూతి ఆమెవైపు తిప్పాడు.

"ఇంకా కడగలేదక్కా. ముట్టుకో. ఒకసారి సూడు."

రంగనాయకి అతని ముఖం వైపు చూసింది. గడప మీద ఒక మోకాలు ఆనించి, భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చింది. అడుగంతా తడిమింది. అంచు వెంట వేలు ఒక చుట్టు తిప్పింది. ఒకచోట ఆగి గోటితో గీసింది. తొందరపడలేదు. రెండు వందల మంది ఆమె చెయ్యి బయటికి రావడం కోసం చూస్తూ నిలబడ్డారు.

చెయ్యి తీసి, వేలికొస వెలుతురులో పెట్టి చూసుకుంది. తెల్లగా ఉంది, ఇత్తడి పచ్చ లేదు.

"ఒక పక్క కొంచెం పల్చబడింది. మాఘంలో కళాయి వేయించుకో, మర్చిపోవద్దు" అంది. "ఈ పొద్దుకు బాగుండాది. పాలు పోసుకో."

పరంధామయ్య గుండిగను లోపలికి తీసుకుపోయాడు. కాసేపటికి నీళ్ల చప్పుడు, తర్వాత క్యాను మూతలు తీసిన చప్పుడు, ఆ తర్వాత పాలు పోస్తున్న చప్పుడు.

గోదాదేవి వచ్చి రంగనాయకి పక్కన గడప అవతలే కూర్చుంది. లోపల గోష్ఠి ఎవరో ఎత్తుకున్నారు. గొంతు సౌందరరాజన్‌ది కాదు. ఎండ గోపురం దిగి గడప దాకా వచ్చేసరికి వెనక పాలు కాగడం మొదలైంది. పొంగు వస్తున్న వాసన వచ్చింది.

గోదాదేవి వెనక్కి తల తిప్పలేదు.